ఆరో నంబరు బిళ్ల

6 జనవరి 1974, ఆదివారం

ఆ కొండ నేను ఎక్కినట్టా, ఎక్కనట్టా?

ఈ ప్రశ్న మోసుకుంటూ తిరగబట్టి పదేండ్లు దాటింది. జాగ్రఫీ ఎమ్మే చదివిన దాన్ని. పిల్లలకు కాంటూర్ లైన్లు గీసి, ఎత్తు ఎట్ల చూడాలో చెప్పేదాన్ని. నేను ఎంత ఎత్తుకు పోయిననో నోరు తెరిచి చెప్పలేను.

ఒకసారి ఉన్నదున్నట్టు రాసి పెట్టుకుంట. 1963 జూన్, గఢ్వాల్. హైదరాబాద్ నుంచి ఆరుగురు ఆడవాళ్లం. లీడర్ దమయంతక్క. నేను ఫొటోగ్రాఫర్‌ని. శిఖరం ఇంక రెండు వందల అడుగులున్నదనంగా ఒక రాతి మెట్టు మీద తాడు విప్పుకున్న. మీరు నడవండి, ఇక్కడి నుంచి ఫ్రేమ్ బాగుంటది అన్న. అయిదుగురు పోయి శిఖరం మీద నిలబడ్డరు. వెనక నీలం, కాళ్ల కింద తెలుపు, మధ్యలో అయిదు చిన్న మనుషులు. నేను తీసిన వాటన్నిట్ల గొప్ప స్లైడు అదే. ఆ మాట రాయడానికి నాకు మొహమాటం లేదు.

దమయంతక్క చెయ్యి ఊపి పిలిచింది. టైమున్నది, రమ్మన్నది. ఒక్క ఫ్రేమ్ అన్న. ఇంకొక్కటి అన్న. మబ్బు కమ్మింది. అందరం దిగినం.

ఆరుగురూ శిఖరం ఎక్కిన్రని పేపర్ల వచ్చింది. నేను దిద్దలేదు. అప్పటి నుంచి ఎక్కడ షో వేసినా "మేము శిఖరం మీద నిలబడ్డం" అనే చెప్తున్న. మేము అంటే అబద్ధం కాదు గద.

8 జనవరి

మా బొగ్గు గని క్లబ్బు ముందర బోర్డు వెలిసింది. "20వ తారీకు ఆదివారం సాయంత్రం 4 గంటలకు. హిమాలయ శిఖరం ఎక్కిన మన టీచరమ్మ. రంగుల స్లైడ్ షో." రాయించింది జలాలుద్దీన్ భాయి. గని మీద ల్యాంపు రూం క్లర్కు. క్లబ్బు ప్రొజెక్టర్ ఆయన తప్ప ఇంకెవరు ముట్టుకున్నా ఊరుకోడు.

పెయింటు ఇంకా పచ్చిగనే ఉండె. గుడ్డతో ఒక్కసారి తుడిస్తే ఆ "ఎక్కిన" పోతుండె.

13 జనవరి

రాజన్న ఇంటికి పోయిన. ఆయన బిడ్డ అనసూర్య నా దగ్గర చదివిన పిల్ల, పద్దెనిమిదేండ్లు నిండినయి. ఉత్తరాన కొండలెక్కే ట్రైనింగుకు సీటొచ్చింది. నెల రోజుల కోర్సు. అప్లై చేయించింది నేనే. ఫారం మీద తండ్రి సంతకం కావాలె. నెలాఖరుకల్లా అందకపోతే సీటు ఇంకొకరికి పోతది.

రాజన్న బొగ్గు కోసే మనిషి. ఫారం పట్టుకున్నడు, చదివిండు, మడిచి నాకే ఇచ్చిండు.

"ఇంట్ల ఒకన్ని భూమి కిందికి పోతున్న. సాలదా పంతులమ్మా? బిడ్డ మీదికి పోవాల్నా?"

రాజన్న భార్య సారవ్వ చాయ్ ఇచ్చుకుంట నవ్వింది. బసంత్‌నగర్ దాకా బస్సుల పోయినా ఈయన ఎక్కేటప్పుడొకసారి, దిగేటప్పుడొకసారి మమ్ముల లెక్కపెడ్తడక్కా అన్నది. అనసూర్య గోడకానుకొని నా దిక్కే చూసింది, తండ్రి దిక్కు కాదు. షోకు రండి, చూసినంక మాట్లాడుకుందామన్న. వస్తనన్నడు.

అంటే ఆ పిల్ల సీటు నా నలభై స్లైడుల మీద ఆగింది.

19 జనవరి

స్లైడులన్నీ మెత్తటి గుడ్డతో తుడిచిన. నలభయ్యోది రెండుసార్లు.

20 జనవరి, సాయంత్రం ఏడు

క్లబ్బు నుంచి ఇప్పుడే వచ్చిన. వెంటనే రాస్త.

హాలు నిండింది. కిటికీలకు గనిలో గాలి మళ్లించే మందపు పరదాలు కట్టిన్రు. పట్టపగలు అంత చీకటి నేను ఏ ఆడిటోరియంలోనూ చూడలేదు. మొదటి మంచు స్లైడు పడంగానే వెనక నుంచి ఎవరో, ఇది సిమెంటు ఫ్యాక్టరీ కాడి రోడ్డు, దీనికి అంత దూరం పోవాల్నా అన్నరు. అందరూ నవ్విన్రు, నేనూ నవ్విన. తర్వాత ఎవరూ నవ్వలేదు. మంచు పగులు మీద నిచ్చెన వేసి దాటే స్లైడు కాడ, పైన మంచు కూలకుండ దేంతో ఆపుతరని, గనిల కప్పుకు దుంగలు నిలబెట్టే ఒకాయన అడిగిండు. దేంతోనూ ఆపరన్న. ఆయన చానసేపు తల ఆడించిండు. ప్రొఫెసర్లు కూడా నన్ను ఆ ప్రశ్న అడగలేదు.

నలభయ్యో స్లైడు. శిఖరం. హైదరాబాద్‌లో ఇక్కడ చప్పట్లు పడ్తయి. ఇక్కడ ఒక్క చెయ్యి లేవలేదు. ఇంకా ఏదో ఉన్నట్టు అందరూ తెర దిక్కే చూస్తున్నరు. అయిపోయిందన్న. జలాలుద్దీన్ భాయి ప్రొజెక్టర్ ఆపపోయిండు. అప్పుడు రాజన్న లేచిండు.

"దిగేది చూపియ్యున్రి."

దిగేటప్పుడు ఫిల్ము లేకుండె, అయిపోయిందన్న.

"బస్సు కాడ ఆరుగురున్నరు. మీద అయిదుగురే ఉన్నరు. ఆరో మనిషి ఏది?"

దొరికిపోయిన అనుకున్న. పదేండ్ల సంది ఎవరూ లెక్కపెట్టలేదు, ఈయన లెక్కపెట్టిండు. సంతకం పోయింది, అనసూర్య సీటు పోయింది.

జలాలుద్దీన్ భాయి నన్ను అడగకనే స్లైడులు వెనక్కి తిప్పిండు. కట్టెతో తెర మీద ఒక్కొక్కరిని చూపెట్టుకుంట లెక్కపెట్టిండు. బస్సు దగ్గర ఆరుగురు, అది డ్రైవర్ తీసింది, ఉన్ని టోపీల్ల నన్ను గుర్తుపట్టుడు కష్టం. ఆఖరి క్యాంపు ముందు మంచుల ఆరు చాయ్ మగ్గులు. శిఖరం మీద అయిదుగురు. ఆయన రోజూ చేసే పనే అది. గనిల దిగేవాళ్లు నంబరు కొట్టిన ఇత్తడి బిళ్ల ఆయనకు ఇచ్చి ల్యాంపు తీసుకుంటరు. పైకి వచ్చి ల్యాంపు ఇచ్చి బిళ్ల వాపసు తీసుకుంటరు. బోర్డు మీద ఒక్క బిళ్ల మిగిలినా ఆయన రూం తాళం వెయ్యడు, ఇంటికి పోడు.

ఆడవాళ్ల దిక్కు నుంచి గుసగుస. పక్కింటి సుగ్రా బీ కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నది. పాపం, ఎవల బిడ్డనో అని ఎవరో అన్నరు. అప్పుడు అర్థమైంది. వీళ్లు నా అబద్ధం పట్టుకోలేదు. ఒక మనిషి ఆ మంచుల ఉండిపోయిందని భయపడ్తున్నరు.

కెమెరా వెనకాల ఉన్నదంటే సరిపోతుండె. అది నిజమే. నా పరువూ నిలుస్తుండె. అనసూర్య ముందు వరుసల కూర్చున్నది.

"ఆరో మనిషిని నేనే," అన్న. "నేను మీదికి పోలేదు. రెండు వందల అడుగుల కింద ఆగిన. ఫొటో తీస్తందుకు ఆగిన."

హాలంతా ఊపిరి వదిలిన చప్పుడు వినపడ్డది. అప్పుడు కొట్టిన్రు చప్పట్లు. ఎవరూ ఆపలేదు చానసేపు. లింగవ్వ అని ఒక ముసలామె వచ్చి నా మోచెయ్యి పట్టి చూసి, ఉన్నది, మంచిగనే ఉన్నది అని పక్కామెకు చెప్పింది. కొండ ఎక్కనందుకు నాకు దొరికినంత మర్యాద, ఎక్కిన అని చెప్పిన పదేండ్లల్ల ఎక్కడా దొరకలేదు.

రాజన్న సంతకం సంగతి ఎత్తకుండనే పోయిండు.

21 జనవరి

స్టాఫ్ రూంలో ఒకామె, అయితే మీరు ఎక్కలేదన్నమాట అన్నది. ఔను, ఎక్కలేదన్న. ఇంత చిన్న మాట.

ఇంటికొచ్చేటప్పుడు బోర్డు చూసిన. షో అయిపోయినా తీసెయ్యలేదు. "ఎక్కిన" అన్న మాట మీద సున్నం పూసి, "పోయి తిరిగొచ్చిన" అని రాసిన్రు. అక్షరాలు ఇరికిరికి ఉన్నయి.

23 జనవరి

ఫొటో తీస్తందుకు ఆగిన అని చెప్పిన. నిజమేనా?

ఆ మెట్టు నుంచి తీసిన స్లైడులు నాలుగున్నయి. షోల ఒక్కటే వేస్త. ఇయ్యాల నాలుగూ కిటికీకి పట్టి చూసిన. ఒక్క తీరుగనే ఉన్నయి. మొదటిదే అన్నిట్ల మంచిది. అది నాకు అక్కడనే తెలుసు. మిగిలిన మూడు ఎందుకు తీసిన? ఆ రోజు మోకాళ్లు వణుకుతుండె. చలికా, దేనికా?

27 జనవరి, ఆదివారం

రాజన్న, జలాలుద్దీన్ భాయి కలిసి వచ్చిన్రు. ఫారం మీద సంతకం ఉన్నది. సారవ్వ రెండు రోజుల నుంచి మాట్లాడుతలేదట, అందుకే పెట్టిన అని రాజన్న అన్నడు. చాయ్ తాగినంక అసలు మాట చెప్పిండు.

"ఎంత లోతుకు పోయినవని మా దగ్గర ఎవ్వలు అడగరు పంతులమ్మా. బిళ్ల తీసుకున్నవా అని అడుగుతరు. ఆగాల్సిన కాడ ఆగుమని నా బిడ్డకు చెప్పు. ఎక్కుడు ఆమెకే తెలుస్తది."

జలాలుద్దీన్ భాయి జేబుల నుంచి రెండు ఇత్తడి బిళ్లలు తీసిండు. విరిగిన చెంబు అడుగు కోసి చేసిండట. ఒకదాని మీద 7, ఒకదాని మీద 6. నా తలుపు పక్కన మేకు కొట్టి రెండూ తగిలించిండు. మీ ఆరుగురి తర్వాత ఏడు అనసూర్యది, వచ్చినంక తీసుకుంటది. ఆరు మీదే మేడం అన్నడు. నాదైతే చేతికే ఇయ్యరాదా అన్న. ఆయన నొచ్చుకున్నడు. అట్ల ఇచ్చే రివాజు లేదు, ఎవల నంబరు వాళ్లే నోటితో అడగాలె అన్నడు.

నేను అడగలేదు.

3 ఏప్రిల్

కాజీపేట దాకా పోయి అనసూర్యను ఢిల్లీ బండి ఎక్కించిన. హైదరాబాద్ పిల్లలు ఇద్దరు తోడున్నరు. నా కెమెరా ఇచ్చిన. మూడు ఫిల్ములు. దిగేటందుకు ఒకటి ఉంచుకొమ్మని చెప్పిన.

14 ఏప్రిల్

రాజన్న వచ్చిండు. మేకు దిక్కు చూసిండు. పోయిండు.

9 మే

అనసూర్య బండి దిగి ఇంటికి పోకుండ నేరుగ ఇక్కడికే వచ్చింది. ముక్కు మీద తోలు ఊడింది, పెదవులు పగిలినయి, భుజం మీద మూట. వెనక రాజన్న, సారవ్వ. గడపల నిలబడి, "ఏడు టీచర్" అన్నది. మేకు నుంచి తీసి చేతుల పెట్టిన. రాజన్న అటు తిరిగి నిలబడ్డడు.

ఎంత ఎత్తు ఎక్కిందో ఎవరం అడగలేదు.

2 జూన్, ఆదివారం

అనసూర్య తీసిన ఫిల్ములు బొంబాయిల కడిగి, స్లైడులై వచ్చినయి. ఇయ్యాల క్లబ్బుల వేసినం. కట్టె పట్టుకొని ఆమెనే చెప్పింది, నేను వెనక కూర్చున్న. ఆఖరి స్లైడు శిఖరం కాదు. కింద రోడ్డు మీద లారీ, దాని ముందర పిల్లలందరూ వరుసగ. జలాలుద్దీన్ భాయి లెక్కపెట్టిండు. పందొమ్మిది మంది. మొదటి స్లైడులోనూ అంతే. హాలు దద్దరిల్లింది.

మిగతా అన్ని స్లైడుల్లనూ వెతికిన. ఆ రెండిట్ల తప్ప ఎక్కడా అనసూర్య లేదు, కెమెరా వెనక ఉన్నది. ఇంత గర్వం నాకు నా నలభయ్యో స్లైడు చూసినప్పుడు కూడా కాలేదు.

3 జూన్

పొద్దున మేకు కాడ నిలబడి "ఆరు" అందామనుకున్న.

ఫొటోకు ఆగిననా, భయానికి ఆగిననా, ఇప్పటికీ తేల్చుకోలేకపోతున్న. బిళ్ల మేకుకే ఉన్నది.