పొర ఊడలేదక్కా

మధురానగర్,
ఆదివారం.

అక్కా,

నమస్కారం. నువ్వు, బావగారు, పిల్లలు కులాసాయేనా? చంటిదాని దగ్గు తగ్గిందా? నేను బాగానే ఉన్నాను. వేళకి తింటున్నాను, బెంగపడకు. హాస్టల్ పప్పులో మాత్రం పప్పుని వెతుక్కోవాలి.

అమీర్‌పేటలో ఎవరిని కదిపినా జావా గోలే. నా గదిలో ముగ్గురూ అదే. నువ్వేం చేస్తావంటే ఎలుకల కళ్లు కోస్తానని చెప్పి వాళ్ల మొహాలు చూడటం నాకు సరదా. కొత్త మందు మనుషులకిచ్చే ముందు ఎలుకలకిచ్చి చూస్తారు కదా. తర్వాత వాటి కన్ను తీసి, మైనంలో బిగించి, ఉల్లిపొర కంటే పలచగా కోసి గాజు స్లైడు మీద పరవాలి. లోపల రెటీనా అని చూపు పొర ఉంటుంది. అది ఊడకుండా రావాలి.

మొదట్లో నావన్నీ ఊడిపోయాయి. స్లైడ్లు చూసే డాక్టరు మేడమ్ ఈ ఊరావిడే. "గీ పొర మందుతోని ఊడిందా, నీ చేతితోని ఊడిందా? నాకెట్ల తెలుస్తది శ్రీనూ? ఇంకోసారి గిట్లయితే నిన్ను ఉంచుమని నేను చెప్పలేను" అంది. బావగారు వద్దన్నా కంప్యూటర్ కోర్సు మానేసి ఇందులో చేరినవాణ్ణి, ఆయనకి ఏ మొహం చూపించాలి? పంజాగుట్టలో మా లాబ్ నుంచి గది దాకా బస్సెక్కకుండా నడిచాను.

మర్నాడు మా సీనియర్ యాదగిరన్న పక్కన కూర్చోబెట్టుకున్నాడు. "జర నిమ్మళంగ తిప్పు. కంట్ల లెన్స్ మస్తు గట్టిగుంటది. బ్లేడ్ దానికి తట్టుకుంటే పొరను సుత గుంజుకపోతది" అన్నాడు. మైనం దిమ్మని ఐసు మీద పెట్టి, ఫ్యాను ఆపి, ఊపిరి బిగబట్టి కోయాలి. కోసింది గోరువెచ్చని నీళ్ల మీద తేలుతుంది. దాన్ని ముడత పడకుండా స్లైడు మీదికి ఎత్తడం మాత్రం నాకెవరూ నేర్పక్కర్లేకపోయింది. మగపిల్లాడికెందుకని వీధంతా నవ్వినా నాచేత పూతరేకులు తీయించావు చూడు, ఆ చెయ్యే ఇది!

కిందటి వారం ఒక మందు తాలూకు కళ్లన్నీ నేనే కోశాను. మేడమ్ మైక్రోస్కోపులో చూస్తున్నంతసేపూ నేను పక్కనే నిలబడ్డాను. మందు తినని ఎలుకల్లో పొర నిండుగా ఉంది. ఎక్కువ మందు తిన్నవాటిలో పలచబడింది. ఒక్కటి కూడా ఊడలేదు. ఈసారి ఆవిడ నీ చెయ్యా, మందా అని అడగలేదక్కా. నా స్లైడ్లు చూసి, మందే చెడగొట్టిందని రాసి సంతకం పెట్టింది. ఆ మందు ఇప్పట్లో మనుషుల దాకా రాదట. నన్ను ఉద్యోగంలో ఉంచేశారు.

ఈ సంగతి బావగారితో నువ్వే మెల్లగా చెప్పు. నేను చెబితే వాదననుకుంటారు. ఇటు వచ్చేవాళ్లుంటే కాస్త ఆవకాయ పంపు. పెద్దమ్మకి నా దండాలు, పిల్లలకి ముద్దులు. నీ దీవెన, బావగారి దీవెన ఉంటే నాకింకేం కావాలి.

ఇంకొక్క మాట. మీ తమ్ముడేం చేస్తున్నాడని ఎవరైనా అడిగితే, ఏదో లాబ్‌లో అని నసగకు. కళ్లు కోస్తున్నాడని గట్టిగా చెప్పు.

నీ పాదాలకి మొక్కుతూ,
తమ్ముడు శ్రీను