తాళాలరాయుడి చావు ఎవరు రాయాలి

బొమ్మల కథలు రాసి బతికిన నేను, మతి స్థిమితంగా ఉండగా, ఎవరి బలవంతమూ లేకుండా, నా ఇష్టపూర్వకంగా రాయించుకుంటున్న వీలునామా ఇది. కడుపుమంట మాత్రం ఉంది. అది మతిభ్రమణం కిందికి రాదని వకీలుగారిని అడిగి తెలుసుకున్నాను.

1. ఇల్లు, బ్యాంకులో ఉన్నదంతా నా భార్యకు చెందాలి. జీవితమంతా నన్నొక దుర్మార్గుడితో పంచుకున్న మనిషి ఆవిడ. ఇందులో ఎవరూ నోరెత్తకూడదు.

2. ఆ దుర్మార్గుడు తాళాలరాయుడు. ఏ తాళమైనా వేలితో తాకి తెరిచే దొంగ, పిడుగన్న అనే మా వీరుడికి శత్రువు. వాడిని పుట్టించింది నేను. నా రాయుడికి గతం లేదు, ఏడుపు లేదు. తెరిచేవాడు, నవ్వేవాడు, పోయేవాడు. పిల్లలు దుప్పట్లో దూరేవారు. ఇప్పుడు ఆ కథలు అచ్చువేసే కంపెనీ వాడిని చంపేయాలనుకుంటోంది. ఆ చివరి కథ ఎవరు రాయాలో చెప్పే హక్కు ఒప్పందం ప్రకారం నా ఒక్కడిదే.

3. రాయుడి కథ ఎవరు రాస్తే వాళ్ళు వాడి నల్లకోటు తొడుక్కుని చిత్రకారుడి ముందు నటించి చూపాలి, అతను చూసి బొమ్మ వేస్తాడు. మా ఆఫీసులో అదీ పద్ధతి. నా రోజుల్లో రాయుడికి నా ముక్కే ఉండేది. తర్వాత వచ్చిన రచయిత, అందరూ కళ్ళజోడు అంటారు, కోటు చేతులు కత్తిరించి తన కొలతకు కుట్టించుకున్నాడు. రాయుణ్ణి చిన్నప్పుడు చీకటి గదిలో పెట్టి తాళం వేసిన మేనమామనొకణ్ణి పుట్టించాడు. నా దొంగ పేజీకోసారి కళ్ళు తుడుచుకున్నాడు. జనం ఎగబడి కొన్నారు, నేను పళ్ళు నూరుకున్నాను. కళ్ళజోడుకు నేనిచ్చేది ఏమీ లేదు. సాక్షి సంతకం పెట్టినవాడికి ఆస్తి చెందదని వకీలుగారు అనగానే, మొదటి సాక్షిగా అతన్నే పిలిపించాను.

4. నా రాతబల్ల చిత్రకారుడికి. "ముక్కు కాస్త పైకెత్తండి గురువుగారూ" అని అంత మర్యాదగా అడిగినవాడు మరొకడు లేడు.

5. ఇక నా చెల్లెలు. కళ్ళజోడుకు జ్వరం వచ్చినప్పుడు ఒకే ఒక్క సంచిక రాసింది. కోటు ముట్టుకోలేదు. "నాకు నటన రాదండీ, మా అన్నయ్య నిలబడేట్టు వేసెయ్యండి" అందట చిత్రకారుడితో. అందులో రాయుడు పిడుగన్న ఇంటికి వస్తాడు. తలుపుకు తాళం. వేలు పెడితే చాలు, పెట్టడు. తలుపు తట్టి, ఎవరైనా తీస్తారేమోనని ఒక భుజం వంచి, అచ్చం నాలాగే నిలబడతాడు. ఎవరూ తీయరు. అంతే కథ.

కళ్ళజోడు మీద నాకున్నది ఒట్టి కోపం. చెల్లెలి మీద ఉన్నదే అసలైన అసూయ. తిండి సయించలేదు. వాడికి తట్టాల్సిన తలుపొకటి ఉంటుందని వాణ్ణి కన్న నాకే తోచలేదు. ఆ సంచికలు రెండు కొన్నాను, చింపడానికొకటి, దాచుకోవడానికొకటి. దాచుకున్నది పడకగది బీరువాలో ఉంది, అది చెల్లెలికే.

6. రాయుడి చావు నా చెల్లెలే రాయాలి. నేనూ రాసి చూశాను, పెద్ద పేలుడు పెట్టాను, బాగాలేదు. కోటూ దానికే. చేతులకు వేరే గుడ్డ అతికించి మళ్ళీ నా కొలతకు పొడుగు చేయించాను. చెల్లాయ్, నువ్వు రాసేవాటిలో నేను కుళ్ళుకోకుండా ఉండబోయేది అదొక్కటే, చదవడానికి ఉండను కనుక. ఒక్క షరతు. వాణ్ణి చంపే ముందు, ఎవరో ఒకరి చేత ఆ తలుపు తీయించు.

మార్చి పదకొండో తేదీన, పూర్తిగా చదివించుకుని విని, నా చేత్తో చేసిన సంతకం:
తాళాలరాయుణ్ణి కన్నవాడు

సాక్షులు:
కళ్ళజోడు (మూడో అంశం చదివాడు, అయినా సంతకం పెట్టాడు)
కింది వాటాలోని పళ్ళ డాక్టరు