జూలై పదకొండున నేను పోలీసునేనని ఒక్క వాక్యం కోరుతూ

టల్లో కౌంటీ,
సెప్టెంబరు 17, బుధవారం.

రాష్ట్ర పోలీసు నియామకాల రిజిస్ట్రారు గారి సముఖమునకు,
బ్రాంటన్ కాలేజీ పోలీసు శాఖలో మొన్నటి వరకు ఆఫీసరుగా పనిచేసిన వెర్నా ట్రిప్లెట్ విన్నవించుకొనునది.

అయ్యా,

విషయం: నా నియామక పత్రము జూలై 1 నుండి 15 వరకు కూడా అమలులో ఉన్నట్లు ధ్రువీకరించి, శుక్రవారం ఉదయం పది గంటలలోపు కౌంటీ కోర్టుకు పంపించవలసినదిగా ప్రార్థన.

1. నేను ఇరవై ఒక్క సంవత్సరములుగా సదరు కాలేజీ ఆవరణలో పోలీసు ఆఫీసరుగా పనిచేసియున్నాను. కాలేజీ ప్రైవేటుది. జీతం వారిది, అధికారం రాష్ట్రానిది. మూడేళ్ళకొకసారి తమ కార్యాలయము ఇచ్చే పత్రం ఉన్నన్నాళ్ళు నేను పోలీసును. అది లేని రోజున గేటు దగ్గర కాపలామనిషిని. ఈ సంగతి తమకు తెలియనిది కాదు. నాకే ఈ వేసవి దాకా సరిగా తెలిసిరాలేదు.

2. నా పత్రము గడువు జూన్ 30తో ముగిసినది. కొత్తదాని కొరకు దరఖాస్తు జూన్ 27న అందినట్లు తమ కార్యాలయపు ముద్ర ఉన్నది. కొత్త పత్రము మీద తేదీ జూలై 16. నడుమ పదిహేను రోజులు నేనెవరో ఏ కాగితమూ చెప్పదు. ఇందులో తమ కార్యాలయమును తప్పుపట్టుట నా ఉద్దేశము కాదు. దరఖాస్తు మీద నేను మే నెలలోనే సంతకం పెట్టవలసింది. నా భర్త ఎల్లిస్‌కు వారానికి మూడుసార్లు డయాలసిస్. ఆయన పక్కన కూర్చున్నప్పుడు తీరికగా నింపుదామని కాగితం సంచిలో పెట్టుకుని తిరిగాను. అక్కడ తీరిక దొరకలేదు. నెలరోజులు అది సంచిలోనే ఉండిపోయింది. ఇది నా తప్పే. కోర్టులో ఒప్పుకున్నాను, తమ ముందూ ఒప్పుకొనుచున్నాను.

3. జూలై 11 మధ్యాహ్నం జరిగినది:

ఓడెట్ గిల్యార్డ్ అనే పందొమ్మిదేళ్ళ అమ్మాయి వేసవి తరగతులకు హాస్టల్లో ఉన్నది. ఆమె వదిలేసిన స్నేహితుడు రస్టిన్ కోల్‌ను ఆమె దరిదాపులకు రాకూడదని కోర్టు మార్చిలోనే ఆదేశించింది. ఆ మధ్యాహ్నం అతని ట్రక్కు హాస్టల్ వెనుక, బట్టలుతికే గది తలుపుకు అడ్డంగా ఆగి ఉంది. లోపల ఓడెట్ ఒక్కతే ఉంది. ఇతను తలుపు పక్క గోడకు ఆనుకుని నిలబడ్డాడు.

ఇక్కడేం పని అని అడిగాను. ఊరికే నిలబడ్డానన్నాడు. బేడీలు వేసి ట్రక్కు వెతికాను. తాడు, వెడల్పాటి టేపు, ఆమె ఏ రోజు ఏ గంటకు ఎక్కడ ఉంటుందో రాసిన కాగితం, ఒక తాళంచెవి దొరికాయి. అంతలో ఓడెట్ తడిబట్టల బుట్టతో బయటికి వచ్చింది. తాళంచెవి కేసి చూసింది.

"మిస్ వెర్నా, అది నా గదిది. కానీ నాది నా మెడలోనే ఉందండీ," అంది.

బుట్ట కింద పెట్టడం కూడా మరిచిపోయి అలాగే నిలబడిపోయింది.

4. గత వారం కోర్టులో కోల్ లాయరు నన్ను అడిగిన ప్రశ్నలు రెండే.

"జూలై పదకొండున మీరెవరు?"

"పోలీసునండీ."

"ఏ కాగితం ప్రకారం?"

గడువు దాటిన పత్రమే తీసి చూపించాను. పోలీసు కానివారు అరెస్టు చేసి వెతికితే దొరికిన వస్తువులు సాక్ష్యానికి పనికిరావని ఆయన వాదన. తాడు, టేపు, తాళంచెవి తీసేస్తే మిగిలేది ఒకడు గోడకు ఆనుకుని నిలబడ్డాడన్నదే. దానికి అతను జైల్లో ఉన్న రెండు నెలలే ఎక్కువట. జడ్జిగారు శుక్రవారం దాకా గడువిచ్చారు.

5. సోమవారం మా చీఫ్ హార్లన్ పీక్ గారు నన్ను పిలిచారు. ఆయనకు తుపాకీ శుభ్రం చేయడం నేర్పినదాన్ని నేను. తలెత్తకుండానే అన్నారు: "బ్యాడ్జి ఇచ్చెయ్ వెర్నా. లేని అధికారం వాడావంటున్నారు మన కాలేజీ లాయర్లు. నేనేం చెయ్యను చెప్పు."

ఇచ్చేశాను. ఉద్యోగంతో పాటే ఎల్లిస్ వైద్యబీమా ఈ నెలాఖరుకు పోతుంది. ఒక మాట మాత్రం మనవి చేయనివ్వండి. ఆ పదిహేను రోజుల్లోనే నేను నలభై పార్కింగు చీటీలు రాశాను, తాగి పడిపోయిన ఒక ప్రొఫెసరుగారిని ఇంటికి చేర్చాను, లైబ్రరీలో దూరిన పామును పట్టాను. అవేవీ చెల్లవని కాలేజీ అనలేదు. చీటీ ఒక్కటి కూడా వెనక్కి తీసుకోలేదు.

6. కావున తమరిని వేడుకొనునది: గడువులోపల దరఖాస్తు అందినచో కొత్త పత్రము వచ్చువరకు పాత పత్రమే చెల్లునని తమ నిబంధనలలో పదకొండవది చెప్పుచున్నది. అది కాలేజీ పోలీసులకు వర్తించునా లేదా అన్నది తమ నిర్ణయమేనట. వర్తించునని ఒక్క వాక్యం రాసి ముద్ర వేయించండి. నా ఉద్యోగం తిరిగి ఇప్పించమని అడగడం లేదు. కావాలంటే జూలై 12 నుండి నేను పోలీసును కానని రాసుకోండి. నా పెన్షను ఆపండి. ఆ ఒక్క రోజు నాకివ్వండి.

దయతో చిత్తగించి, వెంటనే ఉత్తర్వు దయచేయించవలెను.

తమ విధేయురాలు,
వెర్నా ట్రిప్లెట్
(మాజీ) ఆఫీసరు, బ్యాడ్జి నెంబరు 6

తా.క. (శుక్రవారం మధ్యాహ్నం): నిన్న ఈ అర్జీ పట్టుకుని రెండున్నర గంటలు కారు నడుపుకొని తమ కార్యాలయానికి వచ్చాను. తమరు సోమవారం దాకా సెలవులో ఉన్నారని కౌంటర్లో అమ్మాయి చెప్పింది. ఇంకెవరైనా సంతకం పెట్టగలరా అని అడిగాను. లేరంది. పాపం, నాకు మంచినీళ్ళు ఇచ్చింది. అర్జీ వెనక్కి తెచ్చుకున్నాను. ఈ రోజు పోస్టులో వేస్తున్నాను.

జడ్జిగారు ఆగలేదు. కోల్‌ను పదకొండు గంటలకు వదిలేశారు. మెట్లు దిగుతూ నాకు నమస్కారం పెట్టాడు.

ఓడెట్‌ను మా ఇంటికి తెచ్చుకున్నాను. వెనుక గదిలో ఉంది. ఎల్లిస్ లేవలేని మనిషి, వీధి తలుపుకెదురుగా కుర్చీ వేయించుకుని కూర్చున్నాడు. ఊరి పోలీసులకు ఫోన్ చేశాను. మర్యాదగానే మాట్లాడారు. "ఏమన్నా జరిగితే వెంటనే ఫోన్ చెయ్యండమ్మా" అన్నారు.

జూలై పదకొండున కూడా ఏమీ జరగలేదయ్యా. జరగకముందే పట్టుకున్నాను.

తమ జవాబు తెచ్చే మనిషిని, తలుపు కొట్టే ముందు గట్టిగా పేరు చెప్పమనండి.