రెండో కోటు

అయ్యగారికి వందనాలతో రాస్తున్నాను.

రెండు అంగీలున్నవారు లేనివారికి ఒకటివ్వాలని ఆదివారం ప్రసంగంలో మీరు చెప్పారు. మా ఆయనకు నేను కుట్టినవి రెండు కోట్లు. పోయిన నెల ఆయనకు ఒకటి తొడిగి సమాధి చేశాం. రెండోది తీసుకుని మందిరం మెట్ల మీద కూర్చునే ముసలాయన దగ్గరకు వెళ్ళాను. అతని ఒంటి మీద అప్పటికే మా ఆయనతో పాతిపెట్టిన కోటు ఉంది. మోచేతి మాసిక నా చేతిదే.

"ఇదెవరిచ్చారు?" అన్నాను.

"ఎవరినడిగినా పొమ్మన్నారమ్మా. సమాధుల దగ్గర ఒకాయన మాత్రం విప్పి ఇచ్చాడు."

పరుగున వెళ్ళి చూశాను. సమాధి రాయి కదిలిన గుర్తే లేదు.

బతికుండగా మా ఆయన ఎవరికీ గుడ్డపీలికైనా ఇచ్చి ఎరగరు. ఇప్పుడు ఏమీ లేనిది ఆయనకే. ఈ కోటు ఆయనకెలా చేర్చాలో చెప్పండి.

మీ సంఘంలోని దర్జీ