బ్యాటరీకి ఎంతవుతుందిరా జాన్‌బాబూ

సత్యనారాయణపురం, విజయవాడ
మే 9

ప్రియమైన జాన్‌బాబుకి,

ఫోను చేస్తే "ఎవరూ, ఎవరూ" అని నువ్వు, "నేనేరా, ఉదయభాస్కర్‌ని" అని నేను. మనిద్దరి కేకలకీ ఇటు సత్యనారాయణపురం, అటు కొండపల్లి నిద్ర లేస్తున్నాయి. వాట్సాప్‌లో రాద్దామంటే నా బొటనవేలు ఒక అక్షరం కొడితే రెండు పడుతున్నాయి. ఇక ఉత్తరాలే నయం. పోస్టాఫీసులో కవరు అడిగితే కౌంటర్లో అమ్మాయి నన్ను తలెత్తి చూసింది, రద్దయిన నోటు పట్టుకొచ్చినవాణ్ణి చూసినట్టు.

సంగతేమిటంటే, నిన్న కరెంటు పోయింది. పోవడం వింత కాదు. మా డాబా మీద సోలార్ పలకలున్నాయి గదా. నెల కిందట సబ్సిడీ స్కీములో పెట్టించుకుంటే నువ్వొచ్చి చూసి, "థర్మల్ స్టేషన్లో రిటైరైన వాడి స్నేహితుడివై ఉండి మా బొగ్గు పొట్ట కొడతావురా" అన్నావు. ఊరంతా పోయినా మనింట్లో కరెంటు ఉంటుందని నేను ఆ నెలంతా మీసం మెలేశాను. నిన్న మిట్టమధ్యాహ్నం, సూర్యుడు నడినెత్తిన ఉన్నాడు, పలకలు నిగనిగలాడుతున్నాయి, ఇంట్లో ఫ్యాను ఆగింది. త్రిపుర ఆక్సిజన్ మిషనూ ఆగింది.

ఊపిరితిత్తులు గట్టిపడ్డాక ఆవిడకి ఆ మిషన్ రాత్రీ పగలూ ఉండాల్సిందే. అది ఆగితే చెయ్యవలసింది నాకు తెలుసు: సిలిండరు తాళం తిప్పి, ముక్కు గొట్టం దానికి తగిలించాలి. ఇదివరకు కరెంటు పోయినప్పుడల్లా చేశాను. నిన్న నా వేళ్ళు ఆ తాళం తిప్పలేదు. వేళ్ళకి చెప్పాను, అవి వినలేదు. త్రిపుర పెదాలు నేరేడుపండు రంగుకి తిరిగాయి. నేను చూస్తూ నిలబడ్డాను. భయం వేసిందా అని అడుగుతావు. వెయ్యలేదు. ఏమీ వెయ్యలేదు. పక్కింటి జ్ఞానేశ్వరి టీచరు గారు వచ్చి, బళ్ళో మంచినీళ్ళ కుళాయి తిప్పినట్టు తిప్పేసింది.

ఊపిరి అందాక త్రిపుర మొదలుపెట్టింది చూడూ, కరెంటు వచ్చేదాకా ఆపలేదు. టీచరు గారింటి మాగాయ దగ్గర్నుంచి, మా పెళ్ళినాడు హనుమాన్ జంక్షన్‌లో చెడిపోయిన బస్సు దాకా. హడలిపోయినవాళ్ళు అలా మాట్లాడతారని ఎక్కడో చదివాను.

పలకలు బిగించిన కంపెనీ తాలూకు కిరీటి అనే ఆయనకి ఫోను చేశాను.

"బ్యాటరీ లేదు గదండీ" అన్నాడు.

"మరి ముందు చెప్పలేదేమయ్యా?"

"మీరు అడగలేదు గదండీ."

ఏలూరు రోడ్డు పుస్తకాల కొట్లో నేను పనిచేసే రోజుల్లో ఒక పెద్దమనిషి ఓ నవల రెండో భాగం ఒక్కటే కొనుక్కుపోయి, వారం తిరక్కుండా వచ్చి, "వీళ్ళంతా ఎవరయ్యా, ఎందుకేడుస్తున్నారు" అని మా షావుకారుని నిలదీశాడు. ఇప్పుడు నా పరిస్థితి అదే. మొదటి భాగం ఏమిటో, దాని వెల ఎంతో నువ్వు చెప్పాలి. బ్యాటరీ పెట్టించడానికి నిజంగా ఎంతవుతుంది? అమ్మేవాడి మాట కాదు, నీ మాట కావాలి.

నీ
ఉదయభాస్కర్


కొండపల్లి
మే 14

ప్రియ సోదరుడు ఉదయభాస్కర్‌కు,

ప్రభువు నామమున వందనాలు. నీ ఉత్తరం మా ఆవిడ హెలెన్ చదివి వినిపించింది. సగం వినపడలేదు, మళ్ళీ నేనే చదువుకున్నాను.

నీ పలకలు చెడిపోలేదు. అవి చెయ్యవలసిందే చేశాయి. కరెంటు పోతే లైన్‌మన్ లైను చచ్చిందని నమ్మి స్తంభం ఎక్కుతాడు. నీ డాబా మీంచి కరెంటు వెనక్కి పారిందనుకో, వాడు కిందికి రాడు, పైకే పోతాడు. అందుకని వీధిలో పోగానే నీ ఇన్వర్టరు కూడా నోరు మూసుకుంటుంది. దాన్ని తీసేసి, బ్యాటరీతో పనిచేసే హైబ్రిడ్ ఇన్వర్టరు పెట్టాలి. వీధిలో పోయినప్పుడు అది నీ ఇంటిని వీధి నుంచి విడదీసి తన పని తాను చేసుకుంటుంది.

ఎంతవుతుందని అడిగే ముందు ఎంత కావాలని అడుగు. మిషన్ మూడొందల యాభై వాట్లది. అంటే పగలంతా కరెంటు లేకపోతే నాలుగు యూనిట్ల పైచిలుకు. ఒక ఫ్యాను, ఒక లైటు కలుపుకో. అయిదు యూనిట్ల బ్యాటరీ చాలు. ఫ్రిజ్జు, మోటారు, మిక్సీ దాని మీద వెయ్యకు. మిషన్‌కి, ఫ్యానుకి విడిగా వైరు లాగించు.

ఇంకో మాట. పగలు మిగిలిన కరెంటు వీధికి ఇచ్చి, రాత్రి తిరిగి తీసుకుంటున్నావు గదా. బిల్లు వరకూ నీకు వీధే బ్యాటరీ. కాబట్టి కొత్త బ్యాటరీ నీకు పైసా మిగల్చదు. మిగులుస్తుందని ఎవడైనా అంటే కాఫీ ఇచ్చి పంపెయ్యి. అది కరెంటు లేని గంటల కోసం కొనేది, అంతే. బుడమేరు పొంగిన ఏడు సింగ్‌నగర్‌లో ఎన్ని ఇన్వర్టర్లు నీళ్ళలో నానాయో చూశావు. ఎండ పడని గోడకి, ఎత్తులో బిగించమను.

ధరలు కనుక్కుని రాయి.

కృప మీ ఇంటికి తోడుండాలని కోరుతూ,
జాన్‌బాబు


సత్యనారాయణపురం
మే 27

జాన్‌బాబూ, ప్రియమైన బొగ్గుల దొరా,

ధరలు కనుక్కున్నాను. కిరీటి గారు కాఫీ తాగి వెళ్ళారు. రెండు సార్లు తాగారు.

హైబ్రిడ్ ఇన్వర్టరు డెబ్భై వేలు. అయిదు యూనిట్ల లిథియం బ్యాటరీ లక్షా ముప్ఫై. వైర్లు, ఎర్తింగు, డబ్బా, కూలి కలిపి పాతిక. వెరసి రెండు లక్షల పాతిక వేలు. నా ఇన్వర్టరుకి రెండు నెలలైనా నిండలేదు గదయ్యా, దాని మాటేమిటంటే పన్నెండు వేలకి తీసుకుంటానన్నాడు. కొట్టు గుమ్మం దిగగానే చీర ధర సగమైనట్టు. సబ్సిడీ పలకలకే గాని బ్యాటరీకి లేదట.

లిథియం వద్దు, మామూలు ఇన్వర్టర్లకి పెట్టే నీళ్ళ బ్యాటరీలు పెట్టమన్నాను. నాలుగు కావాలి, అరవై అయిదు వేలవుతుంది. కానీ వాటిలో దాచిందాంట్లో సగమే వాడుకోవాలట, నాలుగైదేళ్ళకి మార్చాలట, మధ్యమధ్య డిస్టిల్డ్ వాటర్ పొయ్యాలట. ఆ మూతలు విప్పాల్సింది ఈ వేళ్ళే. అక్కడే ఆ బేరం పోయింది.

లిథియానికి పదేళ్ళ వారంటీ ఉందన్నాడు. "మా ఇద్దరికీ కలిపి ఎంతుందంటావయ్యా?" అని అడిగాను. పాపం, నవ్వలేదు. కాగితాలు తిరగేశాడు.

ఏడేళ్ళలో పెట్టుబడి తిరిగి వస్తుందన్నాడు. నువ్వు నేర్పిన మాట అప్పజెప్పాను. "మీ కేసులో రాదు లెండి" అని ఒప్పుకున్నాడు. నిజం చెప్పే అమ్మకందారుని చూసి చాలాకాలమైంది. కాస్త దిగులేసింది కూడా. మా షావుకారు చెప్పేవాడు, ఈ పుస్తకం బాగాలేదని చెప్పి మరీ అమ్మితే ఆ మనిషి చచ్చేదాకా మన కొట్టుకే వస్తాడని.

రెండు లక్షల పాతికని పదేళ్ళకి పంచితే నెలకి రెండు వేల లోపే. డాక్టరు గారు ఈమధ్య ఏళ్ళ గురించి మాట్లాడ్డం మానేసి నెలల గురించి మాట్లాడుతున్నారు. ఆయన లెక్కతో పంచి చూడలేదు. చూశాను, రాయను.

ఇది రాస్తుంటే మిషన్ మోగుతూనే ఉంది. పిండిమర పక్కన కాపురం పెట్టినట్టుంటుంది. అలవాటైపోయింది. ఈమధ్య ఏది ఎదురైనా లెక్కలాగే కనపడుతోంది. పొద్దున పాలవాడి తల్లి పోయిందని చెప్తే, ఆవిడకి ఎన్నేళ్ళని అడిగి, తీసివేత వేసుకుని, పాలు లోపల పెట్టాను.

లిథియమా, నీళ్ళదా, ఏదీ వద్దా? రాయి.

నీ
ఉదయం


కొండపల్లి
జూన్ 3

ఉదయభాస్కర్‌కు,

నీ ఉత్తరంలో లిథియం ఉంది, ఎర్తింగు ఉంది, పాలవాడి తల్లి ఉంది. చెల్లెమ్మ లేదు. హెలెన్ కాగితం వెనక్కి తిప్పి కూడా వెతికింది.

ఏది కొనాలో నేను చెప్తాను. కొనే ముందు త్రిపురసుందరమ్మని అడిగావా? పీల్చేది ఆవిడ.

మీ క్షేమం కోసం ప్రార్థిస్తున్న
జాన్‌బాబు


సత్యనారాయణపురం
జూన్ 16

ప్రియమైన జాన్‌బాబుకి,

అడిగాను. వద్దంది.

అడగడం అంత తేలికేం కాదు. మిషన్ మోత మీద గట్టిగా అరిచి, "బ్యాటరీ పెట్టిద్దామా?" అన్నాను. ఆవిడేదో అంది. "ఆఁ?" అన్నాను. మళ్ళీ అంది. మళ్ళీ "ఆఁ?" అన్నాను. చెయ్యి ఊపి ఊరుకుంది. ఆ ఊపుడికి "మీ ఇష్టం" అని నేను అర్థం చెప్పుకున్నాను. మొన్న ఆదివారం సాయంత్రం గాలివానకి కరెంటు పోయింది. టీచరు గారు వచ్చి సిలిండరు తిప్పి వెళ్ళింది. అప్పుడు త్రిపుర తీరిగ్గా దిండుకి ఆనుకుని చెప్పింది.

"వద్దన్నానండీ ఆ రోజే. మీకు వినపడలేదు."

"వద్దంటే ఎట్లాగే? మొన్న చూశావుగా ఏమైందో."

"చూశాను. అయినా వద్దు. ఆ బ్యాటరీ పెడితే ఇహ మిషన్ ఎప్పుడూ ఆగదు గదా."

"ఆగకూడదనే గదా."

"ఆగినప్పుడేనండీ నేను మాట్లాడేది. సిలిండరు చప్పుడు చెయ్యదు. మిగతా వేళల్లో నా గొంతు మీదాకా రాదు. మీరు ఆఁ అంటారు, నేను మానేస్తాను. ఏడాదైంది మీతో మాట్లాడి. కరెంటు వాళ్ళ దయవల్ల అప్పుడో పావుగంట, అప్పుడో అరగంట."

జాన్‌బాబూ, ఈ ఏడాదంతా ఆవిడ కరెంటు పోతుందేమోనని గోడ మీద లైటు కేసి చూస్తోందనుకున్నాను. ఎప్పుడు పోతుందా అని చూస్తోందట.

మిషన్ పక్క గదిలో పెట్టి పొడుగు గొట్టం వేద్దామని ఇదివరకే చూశాం. ఉన్నవి రెండు గదులు. మోత తగ్గలేదు సరిగదా, నా కుర్చీ కాలు గొట్టం మీద పడింది. అప్పట్నుంచి ఆవిడ మిషన్‌ని కళ్ళెదురుగానే ఉంచుకుంటుంది.

ఇంకేదో చెప్పబోయింది. కరెంటు వచ్చేసింది. వీధిలో పిల్లలు హో అని అరిచారు. మిషన్ అందుకుంది.

ఏం చెయ్యమంటావు? నాకు ఏడుపు రావాలని తెలుసు. రాలేదు. లేచి అన్నం వండాను.

ఉదయభాస్కర్


కొండపల్లి
జూన్ 21

ఒరేయ్ ఉదయం,

ఎక్కువ రాయను. లిథియమే పెట్టించు, మిషన్ ఆగకూడదు. మాట్లాడుకోవాలనుకున్నప్పుడు నువ్వే మిషన్ ఆపి సిలిండరు మీద పెట్టు. దానికి కరెంటు వాడి దయ ఎందుకు? తాళం అక్కర్లేకుండా చేత్తో తిప్పే చక్రం ఉన్న సిలిండరు దొరుకుతుంది, అడుగు. ముందు డాక్టరు గారిని కనుక్కో.

ఈ ఉత్తరం చెల్లెమ్మకి చూపించు. చదివి వినిపించకు, చేతికియ్యి.

జాన్‌బాబు


సత్యనారాయణపురం
జులై 30

ప్రియమైన నా చెవిటి స్నేహితుడికి,

ఆలస్యానికి ఏమీ అనుకోకు. నీ ఉత్తరం ఆవిడ చేతికిచ్చాను. చదువుకుని దిండు కింద పెట్టుకుంది. వారం తర్వాత ఒక పొద్దున నన్ను పిలిచి, గోడకేసి చూపించి, చేత్తో బిగించమన్నట్టు తిప్పింది. ఎందుకు మనసు మార్చుకుందో అడగలేదు. ఒప్పుకుంది చాలుననుకున్నాను.

కిరీటి గారి మనుషులు వచ్చి బిగించి వెళ్ళారు. అక్కడో స్విచ్చీ, ఇక్కడో డబ్బా అంటూ బిల్లు రెండు లక్షల ముప్ఫై నాలుగు వేలకి తేలింది. త్రిపుర పేరు మీదున్న డిపాజిట్ తీశాం. చక్రం సిలిండరు కూడా వచ్చింది. నా వేళ్ళు దాని మాట వింటున్నాయి. రోజూ కాసేపు సిలిండరు మీద ఉంటే ఫరవాలేదని డాక్టరు గారు చెప్పారు.

నిన్న మధ్యాహ్నం కరెంటు పోయింది. మాకు తెలియలేదు. ఫ్యాను తిరుగుతోంది, మిషన్ మోగుతోంది. టీచరు గారు విసనకర్రతో వచ్చి మా గుమ్మంలో నిలబడి, "అబ్బ, మీకుందే" అంటే తెలిసింది. అంత డబ్బు పోసి కొన్నది ఏమీ జరగకపోవడాన్ని. అది బ్రహ్మాండంగా జరిగింది.

ఆవిడ వెళ్ళాక మిషన్ ఆపి, సిలిండరు తిప్పాను. ఇల్లు ఒక్కసారిగా పెద్దదైనట్టనిపించింది.

"బాగా పనిచేస్తోందే నీ బ్యాటరీ" అన్నాను.

"నాది కాదండీ అది" అంది త్రిపుర.

"మరెవరిది?"

"నాకు సిలిండరు చాలు. టీచరు గారున్నారు. అది మీకు."

"నాకెందుకే? నేను మామూలు గాలే పీలుస్తున్నాగా."

"నేను పోయాక ఈ ఇంట్లో మీరొక్కరే. కరెంటు పోతుంది. చీకట్లో ఆ వేళ్ళతో అగ్గిపుల్ల గీస్తారు. ఏదో తగిలి పడతారు. లేపడానికి ఎవరుంటారు? పడుకుని పడుకుని అదే ఆలోచించాను. అన్నయ్య ఉత్తరం చదివాక ఇది నాకే అనుకుంటే వద్దనిపించింది, మీకనుకుంటే సరేననిపించింది. పదేళ్ళుంటుందన్నాడట గదా ఆయన. ఫ్యాను కూడా వేసుకోండి. నేను లేను గదా అని ఆపుకుని కూర్చోకండి."

ఇదంతా ఆవిడ ఉప్పు ధర చెప్పినట్టు చెప్పింది. మనవాడు ఎనభై పుస్తకాలు చదివాడని నువ్వు ఎక్కిరించేవాడివే, అందులో ఒక్క వాక్యం పనికిరాలేదు. లేచి సిలిండరు కట్టేసి, గొట్టం మార్చి, మిషన్ వేశాను. ఆ మోతలో ఎవరూ ఎవరికీ జవాబు చెప్పక్కర్లేదు.

ఆవిడ కనిపెట్టేసింది. నవ్వింది. నవ్వితే దగ్గు వస్తుందని డాక్టరు గారు నవ్వొద్దన్నారు. వచ్చింది. వీపు రాస్తూ కూర్చున్నాను. సర్దుకున్నాక మళ్ళీ మిషన్ ఆపాను.

"మనింట్లో టార్చి ఉంది" అన్నాను.

"అందులో సెల్లులున్నాయా?" అంది.

లేవు.

హెలెన్‌కి నమస్కారాలతో,
నీ ఉదయభాస్కర్