అవతలికి మడిచిన ఆకు

అన్నూరు, ఆదివారం

చెల్లెలు శకుంతలకు అన్న అళగిరిసామి దీవెనలు. నా ఒళ్లు బాగుంది, భయపడవద్దు. ఫోనులో చెబితే ఇంట్లో అందరూ వింటారు. ఇక్కడ తెలుగు అక్షరం ఎవరికీ రాదు, అందుకే కార్డు.

కాన్పుకు వచ్చిన మనవరాలు చారులతకు ఏడో నెల. పోయిన ఆదివారం దానికి అరిటాకు భోజనం మీద ఆశగా ఉందని అందరం వీధి చివరి మెస్సుకు పోయాము. వత్తకుళంబు పులుసు బాగుంది. తిని లేస్తూ నేను ఆకును అవతలికి మడిచేశాను. శుభానికి ఇవతలికి, సావుకు అవతలికి అని వీళ్లకు నేర్పింది నేనే. కోడలు ఏడ్చింది. కొడుకు దినకరన్ అందరి ముందర, "ఏమి నైనా, ఇది సావు కూడు అనుకుంటివా? కడుపుతో ఉండే బిడ్డ పక్కన ఇట్లనా మడిచేది?" అని అరిచాడు.

మీ వదిన పోయినప్పటి నుంచి నేను ఆకు ముందు కూర్చున్నదంతా సావు ఇళ్లలోనే. చేతికి అదే అలవాటైంది. ఆ మాట నేను చెప్పలేదు. "ఆకే కదరా" అని లేచాను. చారులత నా ఎంగిలి ఆకును విప్పి, ఇవతలికి మడిచి, "పోదాం తాతా" అన్నది.

ఈరోజు మళ్లీ పోయారు. నన్ను పిలవలేదు, పిలిచినా పోను.

మీ ఆయన మోకాలు ఎట్లుంది? మామిడి పిందె నిలిచిందా? పెరియకుళం అమ్మవారికి చారులత పేరున దీపం పెట్టు. నేను చెప్పానని ఎవరికీ చెప్పవద్దు. పిల్లలకు దీవెనలు. బిడ్డ సుఖంగా పుట్టేదాకా నేను ఆకులో తినను, పళ్లెం చాలు.