సున్నం రాలిన చోట

జూన్ 9, ఆదివారం

నా గీత కుదిరిన రోజున బొమ్మలోని ఆ ఖాళీలో ఏముండాలో చెప్తానని డ్రాయింగ్ మాస్టర్ అబ్దుల్ వాహెద్ నాకు మాట ఇచ్చాడు. నాకప్పుడు పదహారేళ్లు. చెప్పకుండానే పోయాడు.

ఇవాళ ఆయన మనవరాలు లుబ్నా దబీర్‌పురా నుంచి ఆ షీట్ పట్టుకొచ్చింది. ఇటలీలో ఏదో చర్చి గోడ మీది పాత చిత్రానికి ఎవరో దొర చేసిన వాటర్‌కలర్ నకలు. శవం చుట్టూ ఏడుస్తున్న ఆడవాళ్లు. ఒకామె ముఖం దగ్గర గోడ సున్నం రాలిపోయింది. దొర నిజాయితీపరుడు, అక్కడ కాగితం తెల్లగా వదిలేశాడు. మాస్టర్ దగ్గర మేమంతా దీన్ని చూసే గీత నేర్చుకున్నాం.

లుబ్నా ఇప్పుడు డ్రాయింగ్ క్లాసులు నడుపుతోంది. ఈ ముఖం మీరే గీయాలె సార్, బక్రీద్ లోపు ఇస్తే క్లాసుల గోడకు పెడ్తా అంది.

ముట్టుకోనన్నాను. షీట్ వదిలి వెళ్లింది.

జూన్ 11

ఆ ముఖం లేనామె ముసుగు మడతలు ఇప్పటికీ కళ్లు మూసుకుని గీయగలను.

జూన్ 13, మధ్యాహ్నం

లుబ్నా ఆ షీట్‌కు ముందే తీయించిన జిరాక్సులు తెచ్చి నా ముందు పరిచింది. ఖాళీలో ఆమె క్లాసు పిల్లలు తోచింది గీశారు. ఒకడు వాళ్లమ్మను. ఒకతి లుబ్నానే. ఇంకొకడు పిల్లిని. గోడ మీద లేనిది కాగితం మీదికెలా వస్తుందని అరిచాను. హైస్కూల్లో జీవితమంతా అదే నేర్పాను. రంగులు పులిమి అవార్డులు కొట్టేసినవాళ్లు నాకు తెలుసు. నేను ఒక్క గీత అబద్ధం గీయలేదు. సొంత బొమ్మా ఒక్కటి లేదు.

గింత కోపం జేస్కుంట పిల్లి దిక్కే చూస్తున్నరేంది సార్ అని నవ్వింది.

మీ దాదా అక్కడ ఏముండాలనేవాడని అడిగాను. ఆయనకూ తెల్వదట. ఎవడన్నా నన్నడగకుంట గీస్తడేమోనని చూసిన, గుండయ్య గీస్తడనుకున్న, గాడు రబ్బరు పట్టుకొని కూసుండె అని నా గురించి ఇంట్లో చెప్పి నవ్వేవాడట.

నవ్వేవాడట!

జూన్ 14

అప్పట్లో నేనూ గీశాను. ఒకసారి నా కాగితం మీద ఆ ఖాళీలో రెండు కళ్లు పెట్టాను. మాస్టరే స్కేలుతో వేళ్ల మీద కొట్టి చెరిపించాడు. ఆ సంగతి ఇంట్లో చెప్పలేదు కాబోలు.

జూన్ 16, ఆదివారం

పొద్దున్నుంచి షీట్ పక్కన నా కాగితం పెట్టుకుని కూర్చున్నాను. చేతులు, భుజాలు, మడతలు అన్నీ వచ్చాయి. అమ్మ ముఖం తలచుకున్నాను. పోయిన నా భార్య ఇంద్రజ ముఖం తలచుకున్నాను. పెన్సిల్ ఖాళీ అంచు దాకా వెళ్లి ఆగిపోతోంది.

సాయంత్రం లుబ్నా వచ్చి షీట్ తీసుకుపోయింది. ఫికర్ చెయ్యకుండ్రి, ఖాళీగ గట్లనే పెడ్తా అంది. పిల్లి జిరాక్సు నా దగ్గరే వదిలేసింది.

జూన్ 17, బక్రీద్

కుంచె తడిపాను. ఆరిపోయింది. మళ్లీ తడిపాను. వేళ్లు సలుపుతున్నాయి.

ఇది నీ దెబ్బే, అబ్దుల్ వాహెద్.